గూటి బొమ్మలు కొన్న మనిషి

పోయిన వారం వెండెలాను ఆమె వంటింట్లో, చల్లారిపోయిన కాఫీ ముందు వదిలిపెట్టాం. ఎదురుగా తూవా కూర్చుని ఉంది, స్కీ బూట్లయినా విప్పకుండా. చెక్క అచ్చులు చెక్కి బొమ్మలు తీసే ఈ అమ్మాయి లోమ్నెస్ ఊరి పాత బడిలో ఉంటుంది. పిల్లలు లేక మూతపడ్డ ఆ బడిని కళాకారుల ఇల్లుగా మార్చింది వెండెలా. భవనం ఇచ్చి, కట్టెలూ కరెంటూ భరించి, అక్కడుండే వాళ్ళకి నెలనెలా ఇంత భత్యం ఇస్తున్నవాడు కలప మిల్లు యజమాని ఫోల్కె ఆల్‌మార్క్.

తూవా తెచ్చిన కబురు చిన్నదే. వెండెలా పాత చిత్తుబొమ్మల్లోంచి గద్ద గూళ్ళవి కొన్ని ఏరుకుని, ఆ చోట్లు స్వయంగా చూసి తన అచ్చుల్లో చెక్కుకుందామని బయల్దేరింది. కొండ ఉంది, వాగు ఉంది, గూడున్న అడవే లేదు. ఎటు చూసినా మొద్దులు, వాటి మధ్య మోకాలెత్తు మొక్కలు. ఒక చోట కాదు, వెళ్ళిన ప్రతి చోటా అంతే. అన్నీ ఫోల్కె అడవులు. ఆ గూటి బొమ్మలన్నీ ఫోల్కె కొన్నవి, ఏ ప్రదర్శనకీ పంపకుండా తన ఇంట్లో పెట్టుకున్నవి. బంగారు గద్ద గూడు ఫలానా చోట ఉందని జిల్లా వన్యప్రాణి శాఖకి తెలిస్తే ఆ చుట్టూ చెట్టు మీద చెయ్యి వెయ్యనివ్వరు. తెలియకపోతే గూడు లేనట్టే.

అప్పుడు వెండెలా ఇంకో మాట బయటపెట్టింది. ఈ చలికాలం లాంగోసెన్ గుట్ట మీద తను కొత్త గూడు చూసింది. ఇంకా బొమ్మ వెయ్యలేదు, ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే ఫోటో తీసి జిల్లా వాళ్ళకి పంపిద్దామని తూవా పట్టుబట్టింది. ముందు ఫోల్కెని ముఖాముఖీ అడగాలి, ఒక్క రోజు ఆగు అంది వెండెలా. తూవా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అంతలో ఫోన్ మోగింది. చేసింది ఫోల్కె. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నానని, రేపు ఆమెతోపాటు గద్దల మాటుగదిలో కూర్చోవాలని ఉందని అడిగాడు.

సరే అంది వెండెలా. అక్కడైతే మధ్యలో లేచి పోలేడు అనుకుంది.

*

మాటుగది అనడం మర్యాదకి. అదొక చెక్కపెట్టె. గుట్ట వాలులోకి సగం దిగబడి, పైన మంచు కప్పుకుని ఉంటుంది. లోపల నిటారుగా నిలబడే వీలు లేదు. రెండు కుర్చీలు, కాళ్ళ దగ్గర చిన్న గ్యాసు హీటరు, మూల తెర వెనక ఒక బకెట్టు, ముందు గోడకి అరచెయ్యి వెడల్పున అద్దం బిగించిన కిటికీ. ఆ కిటికీ ఎదురుగా ఖాళీ జాగాలో, రోడ్డు మీద లారీ గుద్ది చచ్చిన దుప్పి కళేబరం. చలికాలమంతా గద్దలు దానికోసమే దిగుతాయి. మనిషి చీకట్లో వచ్చి కూర్చోవాలి, మళ్ళీ చీకటి పడ్డాకే బయటికి పోవాలి. పట్టపగలు ఆ తలుపులోంచి మనిషి రావడం గద్ద ఒక్కసారి చూసిందా, ఆ చలికాలానికి ఇక ఆ చోటు మొహం చూడదు. వెండెలాకి పేరు తెచ్చిన బొమ్మల్లో చాలామటుకు ఈ అరచెయ్యి వెడల్పులోంచి చూసి వేసినవే.

సరస్సు ఒడ్డున మంచు స్కూటరు ఆపి, అక్కణ్ణుంచి నడిచి ఎక్కారు. ఫోల్కె రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఎక్కాడు. డెబ్భై దాటిన మనిషి. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. కుర్రతనంలో తండ్రి మిల్లులోనే రంపం కింద పోయాయి. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కంబళి కప్పి, రెయిన్‌డీర్ తోలు కాళ్ళకి చుట్టి, వెండెలా తలుపు గడియ వేసింది. గడియ చప్పుడు విని అతను నవ్వాడు.

"ఇక సాయంత్రం దాకా మనిద్దరం ఖైదీలమన్నమాట," అన్నాడు గుసగుసగా.

"విసుగొస్తే బకెట్టు దాకా వెళ్ళి రా. ఇక్కడ అదొక్కటే షికారు," అంది వెండెలా.

ఇద్దరూ నవ్వుకున్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు, నవ్వు దానంతటదే వచ్చింది. వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది.

మెల్లగా తెల్లారింది. ముందు బొంతకాకులు వచ్చాయి. అవి కళేబరం చుట్టూ అనుమానంగా గెంతి, ఒక దాన్నొకటి తోసుకుని, చివరికి ముక్కులు పెట్టాయి. వెండెలా ఒళ్ళో కాగితాలట్ట పెట్టుకుని వాటిని గీస్తోంది. అడగవలసిన మాట ఇంకా అడగకపోయినా చెయ్యి మాత్రం ఆగలేదు. పక్షి కనిపిస్తే గీయడం దానికి ఊపిరిలాంటిది.

ఫోల్కె కిటికీకి మొహం ఆనించి చంటిపిల్లాడిలా చూస్తున్నాడు. అతన్ని అలా చూస్తుంటే ఆమెకి మొదటి ప్రదర్శన గుర్తొచ్చింది. ఊరి గ్రంథాలయంలో, పుస్తకాల బీరువాల మధ్య గోడలకి తగిలించుకున్న బొమ్మలు. అప్పట్లో ఆమె వృద్ధాశ్రమంలో వంట చేసేది. సెలవు రోజుల్లో అడవి పట్టుకు తిరిగి బొమ్మలు వేసేది. ఆ రోజు వచ్చినవాళ్ళు బన్నులు తిని, కాఫీ తాగి, బావున్నాయమ్మా అని వెళ్ళిపోయారు. ఒక్క మనిషి మాత్రం గూట్లో పిల్లకి తినిపిస్తున్న గద్ద బొమ్మ ముందు నిలబడిపోయాడు. లైట్లు ఆర్పుతామని చెప్పినా కదల్లేదు. ఆ బొమ్మ అతనే కొన్నాడు. మరుసటి ఏడాది ఇంకోటి కొన్నాడు. వంట మానేసి బొమ్మలే వేసుకో, ఖర్చుల సంగతి నేను చూసుకుంటానన్నాడు. కొన్నేళ్ళకి ఆమె ధైర్యం చేసి, నా ఒక్కదానికే ఎందుకు, నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు అంటే, పాత బడి తాళాలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ బడిలోంచి ఎందరు బయటికొచ్చి నిలదొక్కుకున్నారో. పెళ్ళీ పిల్లలూ లేని వెండెలా, నాకేం లేదని ఎన్నడూ అనుకోకపోవడానికి కారణం ఆ ఇల్లే.

ఆ మనిషిని ఈ మాట ఎలా అడగడం. అయినా అడిగింది.

"ఫోల్కె, నేను గూడు బొమ్మ వేసిన ఆ కొర్ప్‌బెర్గ్ అడవి ఎప్పుడు కొట్టించావు?"

అతను దాల్చినచెక్క బన్ను తుంచుకుంటున్నాడు. తుంచడం ఆపలేదు.

"నీ బొమ్మ కొన్న మరుసటి చలికాలం."

ఆమె తన వాదనంతా ముందే సిద్ధం చేసుకుని వచ్చింది. అబద్ధమాడతాడు, గాలికి పడిపోయిందంటాడు, మేనేజరు మీదికి తోస్తాడు, అప్పుడు ఇలా నిలదీయాలి, ఇలా పట్టుకోవాలి అనుకుంది. అతనిలా ఒక్క ముక్కలో ఒప్పేసుకునేసరికి ఆ వాదనంతా పనికిరాకుండా పోయింది.

"గూడుందని తెలిసి కొట్టించావా?"

"తెలిసే. చూపించింది నువ్వే కదా." అతని గొంతులో కోపం గానీ సిగ్గు గానీ లేవు. "నా అడవిలో ఏ చెట్టు మీద గూడుందో నా మనుషులకి కనిపెట్టడం చేతకాదు. నువ్వు మార్చి నెలంతా మంచులో పడి తిరిగి కనిపెడతావు. కనిపెట్టి, పక్కనున్న బండరాయితో సహా వేస్తావు. అది ఇంకెవరైనా కొని గోడకి పెట్టారనుకో, ఎవడో ఒకడు ఆ రాయిని గుర్తుపడతాడు. జిల్లా వాళ్ళొచ్చి గుట్టంతా కట్టిపడేస్తారు. అందుకని నేను కొన్నాను."

"నా బొమ్మలు నచ్చి కొంటున్నావనుకున్నాను."

"నచ్చే కొన్నాను," అన్నాడు ఫోల్కె, నిజంగానే నొచ్చుకుని. "రోజూ భోజనం చేస్తూ వాటినే చూస్తాను. చెట్లు కొట్టించి బతికేవాడికి బొమ్మ నచ్చకూడదా? మీ బడిలో వాళ్ళు నేతలు నేస్తున్నా, పాటలు కడుతున్నా, వాళ్ళ పొయ్యిలో మండేది ఆ చెట్లే తల్లీ. నేనెప్పుడైనా దెప్పానా?"

ఆమె జవాబు చెప్పబోయింది. అంతలో బొంతకాకులన్నీ ఒక్కసారిగా పక్కకి తప్పుకున్నాయి. మంచు మీద పెద్ద నీడ ఒకటి జారింది. అతని మోచెయ్యి పట్టుకుని కదలొద్దన్నట్టు నొక్కింది వెండెలా.

ఆడగద్ద దిగింది. రెక్కలు ముడుచుకుని కళేబరం మీద నిలబడి, తల అటూ ఇటూ తిప్పి, చివరికి కిటికీ వైపు సూటిగా చూసింది. కుడి రెక్క అంచున ఒక ఈక విరిగి ఉంది. దాన్ని వెండెలా ఎరుగును. లాంగోసెన్ గుట్ట మీద కొత్తగా గూడు కడుతున్నది అదే.

అది అనుమానం తీరి ముక్కు పెట్టేదాకా గుసగుస కూడా పనికిరాదు. ఇద్దరూ అలాగే బిగుసుకుని కూర్చున్నారు. కోపంతో ఆమె చెవుల్లో రక్తం హోరెత్తుతోంది. నోరు విప్పడానికి లేదు, లేచి ఇవతలికి రావడానికి లేదు, అతని భుజం తన భుజానికి తగలకుండా జరగడానికైనా చోటు లేదు. అతని బట్టల్లోంచి పొగాకు వాసన, చెక్కపొట్టు వాసన. ఒకప్పుడు ఆ వాసన తగిలితే ధైర్యంగా ఉండేది.

గద్ద మాంసం చీల్చడం మొదలుపెట్టింది. ఓరకంట చూస్తే ఫోల్కె చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. నటిస్తున్నాడని అనుకోగలిగితే ఆమెకి ఎంతో తేలికయ్యేది. కానీ అది నటన కాదు.

"ఎంత అందంగా ఉందో," అన్నాడు వినీ వినపడనట్టు. తర్వాత చూపు కిటికీ మీంచి తిప్పకుండానే అన్నాడు, "ఒకటడుగుతాను. నీకు నిజంగా తెలియదా?"

"ఏం తెలియాలి?"

"గద్దలు గూడు వదలవని, ఏటేటా అదే గూటికి వచ్చి బాగుచేసుకుంటాయని నాకు చెప్పింది నువ్వే. మరి ఒకసారి బొమ్మ వేసిన చోటికి మళ్ళీ ఒక్కనాడైనా ఎందుకు వెళ్ళలేదు? మిగతావాళ్ళెవరైనా అయితే పిల్ల పెరిగిందా, ఎగిరిందా అని చూసొచ్చేవాళ్ళు. నువ్వు వెళ్ళలేదు వెండెలా. ఎప్పటికప్పుడు కొత్త గూడే వెతుక్కున్నావు."

వేసిన బొమ్మ అయిపోయినట్టే, దాని వెనక తిరక్కూడదు అని ఆమె బడిలో ఉండేవాళ్ళకి పాఠంలా చెబుతూ ఉంటుంది. అది కళకి సంబంధించిన సూత్రమనే ఇన్నాళ్ళూ నమ్మింది. ఇప్పుడా మాట చెప్పబోతే పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఒక ఏడాది కొర్ప్‌బెర్గ్ వైపు వెళ్ళాలని బయల్దేరి, దారి మలుపులో దుంగలు మోసుకొస్తున్న లారీలు వరసగా ఎదురైతే, ఇవాళ వెలుతురు బాగాలేదనుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు ఎండ బ్రహ్మాండంగా కాసింది.

ఫోల్కె గొంతు ఇంకా మెత్తబడింది.

"నేను నిన్ను తప్పుపట్టడం లేదు. మనిద్దరం ఒక పడవలోనే ఉన్నామంటున్నాను. జిల్లా వాళ్ళకి చెబుతావా, చెప్పు. బడి మూసేస్తానని నేను బెదిరించను. ఆ పని నాకు మిగలదు. గూళ్ళు చూపించింది నువ్వు, డబ్బు పుచ్చుకుంది నువ్వు. పేపర్లో ముందు నీ పేరే పడుతుంది. ఆ పేరు చూసే కదా అందరూ ఆ ఇంటికి వస్తున్నది. నీ పేరు పోయాక అక్కడ ఎవరుంటారు? తూవా ప్రదర్శనకి స్టాక్‌హోమ్‌లో హాలు మాట్లాడాను. పాపం, ఆ పిల్ల ఎంత ఆశ పెట్టుకుందో నీకు తెలియనిదా?"

వెండెలా కళ్ళు మూసుకుంది. తలుపు పక్కనే ఉంది, చెయ్యి చాపితే గడియ అందుతుంది. అయినా తన జీవితంలో ఇంత గట్టిగా మూసిన చోట ఎప్పుడూ కూర్చోలేదనిపించింది. ఎటు తిరిగినా ఈ మనిషి కట్టిన గోడే. వంట మానిపించిన నాటి దయ ఒక గోడ, బడి తాళాలు ఒక గోడ, తన నోటితో తను చెప్పిన పాఠాలు ఒక గోడ.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

పొద్దుటినుంచీ చెవిలో సన్నగా పడుతున్నదాన్ని హీటరే అనుకుంది. వంగి గ్యాసు తగ్గించింది. చప్పుడు తగ్గలేదు. చాలా దూరంగా, సీసాలో పడ్డ ఈగలా సన్నటి రొద. ఆగుతోంది, కొంచెంసేపటికి మళ్ళీ ఎత్తుకుంటోంది. గడ్డకట్టిన చలిలో చప్పుడు ఎంత దూరమైనా వస్తుంది. తూర్పు వైపు. సరస్సుకి ఆవల.

"లాంగోసెన్," అంది ఆమె.

ఫోల్కె తల తిప్పలేదు.

"నేనింకా దాని బొమ్మ వెయ్యలేదు. నీకెలా తెలుసు?"

"వేశావు. క్రిస్మస్‌కి నాకిచ్చిన బొమ్మ. గద్ద గాల్లో ఎగురుతూ ఉంటుంది, కాళ్ళలో పచ్చి పైన్ కొమ్మ. కొమ్మ పట్టుకుపోతోందంటే గూడు కడుతోందని. కింద మూల ఇంత సన్నగా వంపు తిరిగిన వాగు, అది లాంగోసెన్ కింది వాగు. గద్ద ఎగిరేది గుట్ట పైకి." అతని గొంతులో ఒక రకమైన గర్వం ఉంది. "నీ బొమ్మల్ని నాలాగా చదివినవాడు ఇంకొకడు లేడు వెండెలా. మ్యూజియం వాళ్ళకి కూడా చేతకాదు."

అది నిజం. ఆ బొమ్మలో కొమ్మని, వాగుని గమనించేవాడు ఒక్కడైనా ఉండాలని కోరుకునే ఆమె వేసింది.

"అందుకేనా ఇవాళ ఇక్కడికి వస్తానన్నావు? నేను ఇక్కడే పడి ఉంటానని."

"నువ్వు చూడకుండా ఉంటే మంచిదనుకున్నాను," అన్నాడు. "ఎప్పట్లాగా."

ఆమె చెయ్యి గడియ మీద పడింది. ఫోల్కె ఇప్పుడు తిరిగి చూశాడు, తొణక్కుండా.

"తియ్యవులే. అది అక్కడే ఉంది, చూడు. చలికాలం చివర, ఎక్కడా తిండి దొరకని రోజులు. నువ్వు తలుపు తీశావంటే ఇక ఇటు రాదు. నీ చెల్లెలు ఆస్పత్రిలో కొనఊపిరితో ఉందని తెలిసిన రోజు కూడా ఈ తలుపు తియ్యలేదు నువ్వు. చీకటి పడేదాకా కూర్చుని, ఆ తర్వాతే వెళ్ళావు. అప్పటికి అయిపోయింది. ఆ రోజు వేసిన బొమ్మ కూడా నా దగ్గరే ఉంది. నువ్వు వేసినవాటిలోకెల్లా గొప్పది."

చెల్లెలి మాట అతనికి ఆమె ఒక్కసారే చెప్పుకుంది, ఏడుస్తూ. ఇంకెవరికీ చెప్పలేదు.

కిటికీలోంచి చూసింది. గద్ద తలెత్తి, ముక్కుకంటిన నెత్తురు మంచుకి రాసుకుంటోంది. కడుపు నిండా తిని అది నేరుగా లాంగోసెన్ మీదికే పోతుంది. పోయేసరికి అక్కడ చెట్టుండదు. ఇక్కడ దానికి తిండి మిగిల్చి అక్కడ గూడు పోగొట్టాలా, అక్కడ గూడు నిలబెట్టబోయి ఇక్కడి తిండి పోగొట్టాలా. ఇన్నేళ్ళూ తను చేసింది ఇదే. కిటికీ ముందున్నదాన్ని కళ్ళారా చూసుకుంటూ, కిటికీలో పట్టనిదాన్ని వదిలేసింది.

రొద ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి స్వరం వేరుగా ఉంది, బరువుగా, ఒకే చోట. పెద్ద చెట్టు దగ్గరికి వచ్చారు.

వెండెలా గడియ తీసింది.

తోసేసరికి తలుపు మీది మంచంతా జారి వెలుతురు లోపలికి దూకింది. వంగి బయటికొచ్చి నిటారుగా నిలబడింది. గద్ద ఆమెకి నాలుగు బారల దూరంలో ఉంది. మధ్యలో అద్దం లేదు. అది వెంటనే ఎగరలేదు. ఆమెని ఎగాదిగా చూసింది, ఇన్నాళ్ళూ ఈ పెట్టెలో ఉన్నది ఇదా అన్నట్టు. తర్వాత రెక్కలు విప్పి, లేచి, చెట్ల మీదుగా వెళ్ళిపోయింది. రెక్కల గాలి ఆమె మొహానికి తగిలింది.

"తోలేశావు దాన్ని," అన్నాడు ఫోల్కె లోపలినుంచి. "ఎంత పని చేశావు. నేనింకా తనివితీరా చూడనేలేదు."

"హీటరుంది, కాఫీ ఉంది. తలుపు దగ్గరగా వేసుకో, చలేస్తుంది," అంది ఆమె. "ఎవరినైనా పంపిస్తాను."

"వెండెలా. నేనొక్కణ్ణీ దిగలేను. నీకు తెలుసు కదా."

తెలుసు. కర్రలున్నా ఆ వాలు అతనొక్కడు దిగలేడు. ఆమె కంబళి తీసి అతని భుజాల చుట్టూ మళ్ళీ గట్టిగా కప్పింది. అలా కప్పుతున్నప్పుడు అతను, రెండు వేళ్ళు లేని ఆ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. విడిపించుకోవడానికి ఆమెకి బలం చాలింది. ఆ తర్వాత వెనక్కి చూడకుండా వాలు దిగింది.

స్కూటరు సరస్సు మంచు మీద పడ్డాక ఇంజను మోతలో ఇంకే చప్పుడూ వినపడలేదు. రంపం నడుస్తోందో ఆగిందో తెలియదు. వాళ్ళకేం చెప్పాలో కూడా తెలియదు. అడవి ఆమెది కాదు, చెట్టు ఆమెది కాదు. మొదటిసారి తన పేరు పెట్టి చెప్పాలి: ఇక్కడ గూడుంది, చూసింది నేను, ఇదివరకు చూసినవన్నీ అమ్ముకున్నది కూడా నేనే. ఆ వాక్యం మనసులో కూర్చుకుంటూ లాంగోసెన్ గుట్ట ఎక్కింది.

పైకెక్కేసరికి అడవి లేదు. గుట్ట నెత్తి అంతా బోడిగా, తెల్లగా, కొత్త మొద్దుల పసుపు రంగుతో మెరుస్తోంది. పచ్చి జిగురు వాసన గుప్పున కొట్టింది. కోత యంత్రం ఇంజను ఆపేసి ఒక పక్కన నిలబడి ఉంది. ఆ బోడి మధ్యలో ఒకే ఒక్క చెట్టు మిగిలింది. వయసు మళ్ళిన పైన్, యంత్రం కోరల్లో పట్టనంత లావు. దాని తలలో పొయ్యిలోకి పేర్చిన కట్టెల్లా గద్ద గూడు.

నిలిచే ఉంది. వెండెలా అడుగు వేగం పెంచింది. అందుకున్నాను అనుకుంది.

చెట్టుకి కొంచెం ఇవతల మోటారు రంపం మంచులో పడేసి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మిల్లులో చాలాకాలంగా పనిచేస్తున్న రూనె. రంపం మోత వినపడకుండా చెవులకి పెట్టుకునే డిప్పలు మెడలోకి లాగేసుకుని, టోపీ తీసి చేతిలో పట్టుకుని పైకి చూస్తున్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని చెయ్యెత్తాడు.

"దగ్గరికి రాకు వెండెలా. అక్కడే ఉండు."

"కొయ్యలేదు కదా. రూనె, కొయ్యలేదని చెప్పు."

అతను చెట్టు మొదలు వైపు చూపించాడు. అప్పుడు చూసింది. చెట్టు పడవలసిన వైపు మొదట్లో నోరు తెరిచినట్టు ముక్క తీసేసి ఉంది. వెనకవైపు నుంచి పెట్టిన కోత కాండం సగం దాటి లోపలికి వెళ్ళింది. మధ్యలో మిగిలింది జానెడు చెక్క.

"నాకు తెలియదు," అన్నాడు రూనె. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "చెవులకి డిప్పలున్నాయి. ఏమీ వినపడలేదు. కోత అంతదాకా వచ్చాక పైనుంచి చేతి తొడుగొకటి వచ్చి నా ముందు పడింది. తలెత్తి చూస్తే."

వెండెలా తలెత్తి చూసింది. గూటి కింద, కాండానికి అతుక్కుని, నీలం కోటు. మెడలో కెమెరా. ఒక చేతికి తొడుగు లేదు.

ఒక్క రోజు ఆగమంటే ఆగని పిల్ల, గూడు ఫోటో తీయడానికి వెలుతురు రాకముందే ఎక్కింది. యంత్రాలు వచ్చేసరికి పైనే ఉంది. దిగి దొరికిపోయే బదులు, పైనుంచి అరిస్తే ఆపుతారనుకుంది. ఎంత అరిచినా కింద ఎవరికీ వినపడలేదు.

"దిగమని చెప్పకు," అన్నాడు రూనె ఆమె నోరు తెరవకముందే. "దిగేటప్పుడు ఆ బరువు ఇటు మళ్ళినా చాలు. తాడుతో కట్టాలంటే చుట్టుపక్కల ఒక్క చెట్టయినా ఉండాలి. ఏదీ? అన్నీ పొద్దుటే కొట్టేశాం. యంత్రం ఇనప చెయ్యి ఆనించి పట్టుకుందామంటే ఇంజను వేస్తే నేల అదురుతుంది. ఫోన్ చేశాను, మనుషులొస్తున్నారు. అంతదాకా కదలకుండా ఉండాలి."

"వెండెలా," అని పైనుంచి తూవా పిలిచింది. గొంతు చిన్నగా ఉంది, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "చేతులు పట్టు తప్పుతున్నాయి."

వెండెలా రూనె చెయ్యి తోసేసి ముందుకి నడిచింది. అతను వద్దన్నాడు, ఆమెకి వినపడింది, ఆగలేదు. చెట్టు దగ్గరికి చేరి రెండు అరచేతులూ కాండానికి ఆనించింది. బెరడు కింద ఎక్కడో లోతున సన్నటి వణుకు తెలుస్తోంది. "నా వైపే చూడు," అంది పైకి. "నేను ఇక్కడే ఉన్నాను. చెట్టు పట్టుకుని ఉన్నాను, తూవా."

సరస్సు మీద ఎక్కడో మంచు పొడి లేచి తెల్లగా తిరగడం రూనెకి కనిపించింది. అతను ఏదో అరిచాడు. నిన్నటిదాకా గుట్ట నిండా అడవి ఉండేది. ఇప్పుడు బోడిగుట్ట మీదుగా, మధ్యలో అడ్డేమీ లేక, గాలి నేరుగా వచ్చింది.

ఆమె అరచేతుల కింద చెట్టు కదిలింది.